ఆడపడుచు పెట్టిన నలుగు

పెళ్లివారిల్లు అన్నమాటే గానీ, ఆ పొద్దు కూడా కోటేశ్వరికి అన్ని పొద్దుల్లాగే తెల్లారింది. పాలు పితికించి, మామగారు వెంకటనారాయణకి కాఫీ ఇచ్చి, అత్తగారి బీపీ మాత్ర మంచినీళ్ల పక్కన పెట్టి, వంటవాళ్లకి సామాను చూపించేసరికి ఎండ పందిరి మీదికెక్కింది. సత్తెనపల్లి దగ్గరి పల్లెల్లో మే నెల ఎండ ఎవరి మర్యాదా చూడదు.

మరునాడు పొద్దున ముహూర్తం. పెళ్లికూతురు శ్రీరమ్య, కోటేశ్వరికి చిన్న ఆడపడుచు. పెద్ద ఆడపడుచు లక్ష్మీదుర్గ భర్త ప్రేమ్‌చంద్‌తో, కూతురు హరిణితో నాగ్‌పూర్ నుంచి వచ్చి వారమైంది. అందులో సగం కొత్తపట్నంలో ప్రేమ్‌చంద్ మేనత్తగారింటికీ, తాడేపల్లిలో పినతల్లిగారింటికీ చుట్టపుచూపులకే పోయింది. మిగతా సగం అత్తగారు సుబ్బరావమ్మ పెద్దకూతురికి వండి పెట్టించడంతో సరిపోయింది. సెలవుల్లో తప్ప రాని పిల్ల అని ఆవిడ ప్రేమ. రోజూ ఇంట్లో ఉండే పిల్లని మాత్రం తిన్నావా అని అడగడం ఎవరికీ తోచదు.

వంటమేస్త్రి పచ్చళ్లకి ఎండుమిరపకాయలు కావాలన్నాడు. కోటేశ్వరి పెరట్లో గోనెపట్టా పరిచి తొడిమలు తీస్తూ కూర్చుంది. దుర్గ వచ్చి పక్కన పీట వేసుకుంది.

"జరుగు కోటీ, నేనూ ఒక చెయ్యేస్తా."

"వద్దులే వదినా, ఇవి తేజ కాయలు. మంట మామూలుగా ఉండదు. తీస్తానంటే ముందు చేతులకి ఈ నూనె రాసుకోండి."

"నేనేమన్నా నాగ్‌పూర్‌లో పుట్టానా? మిరప కళ్లాల్లో ఆడుకుని పెరిగినదాన్నే."

ఇక్కడ పుట్టిన మాట నిజమే. కానీ ఏళ్ల తరబడి ప్యాకెట్ కారానికి అలవాటుపడిన మనిషి. కబుర్లాడుతూ చేటెడు కాయలు ఒలిచింది. ఇంతలో తల్లి కేకేస్తే పంపు దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుని లోపలికి వెళ్లిపోయింది.

పందిట్లో శ్రీరమ్యని పీట మీద కూర్చోబెట్టారు. నలుగు గిన్నె చేతికందుకుంటూనే దుర్గ, "ముందు ఎవరు పెట్టాలమ్మా?" అంది.

"వదిన పెట్టాలి," అంది శ్రీరమ్య.

"ఇంటి ఆడపడుచు ఉండగా కోడలు ముందు పెట్టడమేందే?" సుబ్బరావమ్మ కసిరింది. "ఆమెకి అవతల వంటల దగ్గర పనుంది. నువ్వు పెట్టు దుర్గా."

దుర్గ చెల్లెలి మాడుకి నూనె అంటి, నుదురూ బుగ్గలూ నిండా ప్రేమగా నలుగు పెట్టింది. ఇరుగుపొరుగు ముత్తైదువలు చేతులకీ కాళ్లకీ పెట్టారు. ఆఖర్న కోటేశ్వరి కొంగుతో చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చి, తన వంతు నలుగు చెంపలకి రాసి, పిల్ల గడ్డం పట్టుకుని కాసేపు చూసి మురిసిపోయింది.

కాసేపటికి శ్రీరమ్య మొహం చిట్లించింది.

"అమ్మా, మండుతోందే. కళ్లు తెరవలేకపోతున్నా."

చూస్తుండగానే పెళ్లికూతురి మొహం ఎర్రగా కమిలింది. అందరూ చుట్టూ మూగి విసనకర్రలు ఊపడం మొదలుపెట్టారు. కోటేశ్వరి ఒక్కతే లోపలికి పరుగెత్తి పెరుగు గిన్నె తెచ్చి, నలుగు తుడిచేసి మొహమంతా పెరుగు పట్టించింది.

"మిరపకాయల్లో పెట్టిన చేతులతో పిల్ల మొహాన నలుగు రాశావా?" సుబ్బరావమ్మ గొంతు పందిరంతా వినిపించింది. "బుద్ధుండే చేశావా ఈ పని?"

"నేను నూనె రాసుకునే తీశానత్తయ్యా. తర్వాత పెరుగుతో కడుక్కున్నా."

"మరి ఎట్టా మండింది? పొద్దుటి నుంచీ ఆ పట్టా ముందు కూర్చుంది నువ్వే గదా. నీ సొంత చెల్లెలయితే ఇట్టాగే చేస్తావా?"

కోటేశ్వరి ఒక్కసారి దుర్గ వంక చూసింది. సబ్బుతో కడుక్కున్నాను కదా, నా వల్ల అయ్యుండదు అనుకుంటూ దుర్గ తల దించుకుంది. అలా అనుకోవడం ఆ నిమిషంలో ఆమెకి సుఖంగా ఉంది.

"నాకు సొంత చెల్లెలు ఉందత్తయ్యా," కోటేశ్వరి నెమ్మదిగా అంది. "దాని పెళ్లికి నేను తాళికట్టే వేళకి కూడా లేను. అప్పుడు రమ్య టైఫాయిడ్‌తో గుంటూరు ఆస్పత్రిలో ఉంది. మీరు పొమ్మన్నారు, నాకే వదిలిపెట్టి పోబుద్ధి కాలేదు. మా అమ్మ ఇప్పటికీ ఆ మాట అంటానే ఉంటది. సొంతమో కాదో నేనెప్పుడూ చూసుకోలేదు. రేపు నేను వంటల దగ్గరే ఉంటా. నా చేతుల మీద నమ్మకం లేనప్పుడు పీటల దగ్గరికి రాకపోవడమే మంచిది."

ఆమె భర్త త్రినాథ్ "అమ్మా" అని ఏదో అనబోయి, చుట్టాలందరూ చూస్తున్నారని ఆగిపోయాడు. ఇలాంటప్పుడు మగవాళ్లకి ఎందుకో షామియానా తాళ్లు వదులైనట్టు కనిపిస్తాయి. అతనూ అటే వెళ్లాడు.

దుర్గ గదిలోకి వెళ్లి ఫ్యాను కింద కూర్చుంది. చెమట కంట్లోకి కారితే వేలితో తుడుచుకుంది. అంతే, కంట్లో నిప్పులు పోసినట్టయింది. ప్రేమ్‌చంద్ కంగారుగా చెంబుతో నీళ్లు తెచ్చాడు.

"ఏం పడింది దుర్గా?"

"ఏమీ పడలేదు. చెయ్యి తగిలింది."

అతను ఆమె చేతివంకా కంటివంకా చూశాడు. పొద్దున పెరట్లో ఆమె ఏం చేస్తూ కూర్చుందో అతనూ చూశాడు.

"ఏవండీ, ఎవరితోనూ అనకండి," అంది దుర్గ.

"నేను అననులే. ఎల్లుండి మనం రైలెక్కి పోతాం. ఆ అమ్మాయి మాత్రం ఆ మాటతోనే ఈ ఇంట్లో ఉండాలి. అది ఆలోచించు."

దుర్గకి ఏడుపొచ్చింది. కొంత కంటి మంటకి, ఎక్కువ సిగ్గుకి. తాను అడిగినవన్నీ ఆ వారం రోజులూ ఎవరు వండారో, పరుపులు ఎవరు ఎండలో వేశారో, హరిణికి కారం లేకుండా వేరే కూర ఎవరు చేశారో అప్పుడు గుర్తొచ్చింది. థాంక్స్ మాత్రం రోజూ అమ్మకే చెప్పింది.

ఆడవాళ్లందరూ భోజనాలకి కూర్చున్న వేళ ఆమె పందిట్లోకి వచ్చి నిలబడింది.

"అమ్మా, రమ్యకి మండింది నా చేతుల వల్ల."

"కూర్చుని తిను. ఎవరి తప్పో నీ మీదేసుకుంటావెందుకు?"

"నా కన్ను చూడు. చెయ్యి తగిలితే నాకే ఇట్టా అయింది. కోటేశ్వరి నూనె రాసుకోమంటే నేనే వినలేదు. నువ్వు తిడుతుంటే ఆమె నా వంక చూసింది కూడా. నేను నోరు మెదపలేదు. నేను నీ కూతుర్ని గాబట్టి నీకు నా మీద అనుమానం రాలేదు. ఆమె కోడలు గాబట్టి ఇంకెవర్నీ అడగాలనిపించలేదు."

పెరుగు మొహంతో శ్రీరమ్య గుమ్మంలోకి వచ్చింది. "అయితే ఆ తిట్లన్నీ నువ్వు తినాల్సినవన్నమాట అక్కా," అంది. ఎవరో నవ్వారు. సుబ్బరావమ్మ నవ్వలేదు. విస్తట్లో అన్నం కలుపుతూనే ఉంది, ముద్ద నోట్లోకి పోలేదు.

దుర్గ పెరట్లోకి వెళ్లింది. కోటేశ్వరి వంటవాళ్లకి బెల్లం తూచి ఇస్తోంది.

"నేనూ కాయలు తీశానని ఎందుకు చెప్పలేదు కోటీ?"

"మీరెప్పుడో గానీ రారు. పుట్టింట్లో మాటపడి వెళ్లడం బాగుండదు వదినా. నేను ఇక్కడే ఉండేదాన్ని. నాలుగు రోజులు పోతే మర్చిపోతా."

"ఇదివరకటివి మర్చిపోయావా?"

కోటేశ్వరి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దుర్గ ఆమెని దగ్గరికి తీసుకుంది, చేతులు మాత్రం ఆమె మొహానికి తగలకుండా.

"నన్ను క్షమించు. రేపు పీటల దగ్గరికి రా."

"మీ మీద నాకేం లేదు వదినా. అత్తయ్య పిలిస్తే వస్తా."

సుబ్బరావమ్మ పిలవలేదు. ఆవిడకి కోపం లేదు, కోడలి ముందు తగ్గడం అలవాటు లేదు. సాయంత్రం మెల్లగా పెరటి గుమ్మందాకా వెళ్లి, "బెల్లం సరిపోయిందా?" అని అడిగి తిరిగొచ్చింది. కోటేశ్వరి సరిపోయిందంది.

తెల్లారేసరికి శ్రీరమ్య మొహం చల్లబడి మామూలైంది. పెళ్లి చక్కగా జరిగింది. జీలకర్రాబెల్లం, తాళి, తలంబ్రాలు, అన్నీ కోటేశ్వరి వంటల డేరా పక్కన నిలబడి దూరం నుంచే చూసింది. శ్రీరమ్య తలంబ్రాలు పోస్తూ కూడా అటే రెండుసార్లు చూసింది. త్రినాథ్ వెళ్లి రమ్మంటే ఆమె తల అడ్డంగా ఊపింది.

సాయంత్రం అప్పగింతలు. పళ్లెంలో పాలు పోసి, వెంకటనారాయణ కూతురి చేతులు పాలలో తడిపాడు. అవి అత్తగారి చేతుల్లో పెట్టాలి. "తల్లిగారు రండి," అన్నాడు పురోహితుడు.

సుబ్బరావమ్మ ముందుకు రాలేదు. జనంలోంచి దారి చేసుకుంటూ వంటల డేరా దగ్గరికి వెళ్లింది. కొంగుతో మొహం దాచుకుని నిలబడ్డ కోడలి చెయ్యి పట్టుకుంది.

"రామ్మా. నిన్న నేను అనరాని మాటన్నా. అది మనసులో పెట్టుకోబాక."

"అత్తయ్యా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. అన్నప్పుడు కూడా అందరూ చూశారు గదా."

ఆవిడ కోటేశ్వరిని తీసుకొచ్చి శ్రీరమ్య పక్కన నిలబెట్టింది. "వదినగారూ," అంది పెళ్లికొడుకు తల్లితో, "దీన్ని కన్నది నేనే. జ్వరమొస్తే పక్కన కూర్చుంది, అలిగితే బతిమాలి తినిపించింది మా కోటేశ్వరి. ఈమె చేతుల మీదుగా తీసుకోండి."

శ్రీరమ్య వదిన మెడ చుట్టూ చేతులు వేసి భోరుమంది. పాలు కారి ఇద్దరి చీరలూ తడిశాయి. వెంకటనారాయణ పైకండువాతో కళ్లొత్తుకున్నాడు.

కోటేశ్వరి ఆ చేతులు విడిపించి, ఆడపడుచు అత్తగారి చేతుల్లో పెట్టింది. తనకి తెలిసినదే చెప్పింది.

"దీనికి ఆకలేస్తే చెప్పదండీ. కోపం తెచ్చుకుంటది. కోప్పడుతుంటే ఏమీ అనుకోకుండా కాస్త అన్నం పెట్టండి."

పెళ్లికొడుకు తల్లి కళ్లు తుడుచుకుంటూ సరేనంది. పక్కనే నిలబడ్డ దుర్గకి తన చెల్లెలి గురించి ఆ సంగతి అప్పుడే తెలిసింది.