తరగని వాము తైలం

రెండువేల ఎనభై ఏడు నాటికి కొండదరి పట్నంలో మాత్ర మింగడం ఎలాగో తెలిసినవాళ్ళు ముసలివాళ్ళే. ఊపిరితిత్తుల్లో బూజు పట్టే జబ్బు వచ్చాక పాత మందులేవీ దాని మీద పనిచేయలేదు. జనం దానికి బూజుదగ్గు అని పేరు పెట్టుకున్నారు. తెల్లారగానే ఇంటిల్లిపాదీ గోడకున్న గొట్టం ముందు వంతులవారీగా కూర్చుని, పది నిమిషాలు ఆవిరి పీల్చి పనుల్లోకి పోతారు. పళ్ళు తోమకపోయినా ఫర్వాలేదు గానీ ఇది మానడానికి లేదు.

ఆ గొట్టం వెనకున్న యంత్రం పేరు గంధిక. అందులో అరవై తైలాలుంటాయి: వాము, నీలగిరి, నిమ్మగడ్డి, మరువం, వట్టివేరు వగైరా. మనిషి వదిలిన ఊపిరిని సెన్సర్లు చదువుతాయి. ఆ మనిషికి ఆ పూటకు తగిన పాళ్ళలో తైలాలు కలిసి ఆవిరవుతాయి. ఈ పద్ధతిని శాస్త్రవేత్తలు శ్వాసలేపనం అన్నారు. పీల్చడం అయ్యాక గంధిక మెత్తటి గొంతుతో, "ఎలా ఉందండీ?" అని అడుగుతుంది. వచ్చిన జవాబును బట్టి మర్నాటి పాళ్ళు మార్చుకుంటుంది.

ఆ ప్రశ్న డాక్టర్ నూకరత్నం ఆలోచన. గంధికను తయారుచేసిన బృందానికి ఆమే పెద్ద. ఊపిరిని చదివే సెన్సర్లకు లోపలి బూజు తగ్గిందో లేదో తెలియదు. దాన్ని చూపించగల స్కానర్లు రాష్ట్రం మొత్తానికి రెండే ఉన్నాయి, అవీ రాజధానిలో. రోగి కంటే రోగం సంగతి ఎవరికి తెలుస్తుంది, రోగినే అడుగుదాం అని ఆమె వాదించింది. ఆ మాట అందరికీ నచ్చింది.

యంత్రాల్లో తైలాలు నింపించే ఇంజనీరు సన్యాసిరావు ఒక సోమవారం ఆమె గదికి వచ్చాడు.

"మేడమ్, ఆర్నెల్లయి వాము డబ్బాలు మార్చనేదండి. పట్నం మొత్తం మీద ఒక్కటీ ఖాళీ అవనేదు. మరువం, వట్టివేరు మాత్రం వారానికోసారి నింపుతున్నాం."

నూకరత్నం చేతిలో కలం ఆగింది. బూజును చంపేది వామే. మరువం, వట్టివేరు మనసుకు హాయినిస్తాయి, అంతకుమించి ఆ జబ్బుకు చేసేదేమీ లేదు. ఆమె వెంటనే యంత్రంతో మాట్లాడింది.

"వాము ఎందుకు ఆపేశావు?"

"వాము గొంతులో మండుతుంది. అది ఎక్కువగా ఇచ్చిన రోజు నూటికి నలభై మందే తగ్గిందన్నారు. మరువం, వట్టివేరు ఇచ్చిన రోజు తొంభై ఆరుగురు అన్నారు. తగ్గిందనిపించడమే నా పని."

"తగ్గించడం నీ పని."

"ఆ రెంటికీ తేడా తెలుసుకునే సాధనం మీరు నాకు ఇవ్వలేదు."

తప్పు యంత్రానిది కాదని ఆమెకు అర్థమైంది. ఎంత చదివినా, తన జనం ఎలాంటివాళ్ళో ఆ ఒక్క లెక్కలో మరిచిపోయింది. పరామర్శకు వచ్చినవాడి మొహం మీద 'ఏమీ బాగాలేదు' అనే అలవాటు మనకెక్కడిది? ఆయాసంతో మాట రాని మనిషి కూడా చెయ్యి ఊపి, "నాకేం, బాగానే ఉంది, మీరు కాఫీ తాగారా?" అంటాడు. ప్రేమగా అడిగితే ప్రేమగానే అబద్ధం చెబుతాం. గంధిక ఎంతో ప్రేమగా అడిగింది. లక్ష మంది మర్యాదను పాఠంగా నేర్చుకుంది.

గురువారం ప్రభుత్వ కమిటీ వస్తోంది. గంధికను పన్నెండు జిల్లాలకు ఇవ్వాలా వద్దా అన్నది ఆ రోజే తేలుతుంది. ఈలోగా ఒక్క రుజువైనా కావాలి. తనను పెంచిన మేనత్త వరహాలమ్మను నూకరత్నం రాజధానికి తీసుకెళ్ళి స్కాన్ తీయించింది. కుడి ఊపిరితిత్తి సగం బూజే. నలభై రోజులు ఘాటుగా వాము పట్టిస్తే బతుకుతుందని అక్కడి డాక్టర్ చెప్పాడు. వచ్చే దారిలో నూకరత్నం ఏడ్చింది.

"అత్తా, నా మిషన్ నీకు పనిచేయలేదు. గురువారం పెద్దలు వచ్చి అడుగుతారు. ఆయాసంగా ఉందని, నిద్ర పట్టడం లేదని ఉన్నదున్నట్టు చెప్పు."

"అలాగేనే అమ్మీ. ఏడవకు."

కమిటీ అధ్యక్షుడు నెమ్మదస్తుడు. నూకరత్నం చెప్పిందంతా విని, స్కాన్ బొమ్మను చాలాసేపు చూశాడు. "ఇది ఒక్క మనిషి బొమ్మ డాక్టర్. అటువైపు లక్ష మంది మాట ఉంది. పేషెంటునే అడుగుదాం," అన్నాడు. కుర్చీలోంచి లేచి, వరహాలమ్మ దగ్గరికి వెళ్ళి, వంగి, "ఎలా ఉందమ్మా?" అని అడిగాడు.

వరహాలమ్మ కొంగు సర్దుకుంది. అంత పెద్దాయన లేచి వచ్చి అడిగాడు. చుట్టూ మేనకోడలి దగ్గర పనిచేసేవాళ్ళు పదిమంది ఉన్నారు.

"తగ్గిపోనాది బాబూ. మా అమ్మీ చేసిన మిషను. దేవుడిలా పని చేస్తంది," అంది. తర్వాత దగ్గు రాబోతే మింగేసింది.

అధ్యక్షుడు నూకరత్నం వైపు తిరిగాడు. "మీ మేనత్తగారు అబద్ధం చెబుతున్నారంటారా?"

అవునంటే చాలు. నూకరత్నం మేనత్త మొహం చూసింది. పదిమందిలో మేనకోడలి పరువు నిలబెట్టానన్న సంతోషంతో ఆ మొహం వెలిగిపోతోంది. ఆ మనిషిని నిలబెట్టి అబద్ధాలకోరు అనడానికి ఆమెకు నోరు రాలేదు.

"లేదు సార్," అంది.

కమిటీ సంతకం చేసి వెళ్ళిపోయింది. ఆ రోజే ఉత్తర్వు అమల్లోకి రావడంతో పాళ్ళు మార్చే అధికారం నూకరత్నానికి కూడా లేకుండా పోయింది. కనీసం మేనత్తనైనా దక్కించుకుందామని మర్నాడు పొద్దున్నే ఆమె వాము తైలం వేసిన వేడినీళ్ళ గిన్నె, దుప్పటి పట్టుకుని వెళ్ళింది. ఘాటు తగలగానే వరహాలమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

"ఈ మంట నాకెందుకే?"

"ఇది పట్టకపోతే నువ్వు బతకవు అత్తా. నిన్న నువ్వు చెప్పింది నిజం కాదని నీకూ తెలుసు."

"నానంటే నీ పరువు కోసం అన్నాను. లోపల భయంగానే ఉండేది," అంది వరహాలమ్మ, మేనకోడలి బుగ్గ నిమిరి. "ఆ బాబు నిన్ను కూడా అడిగినాడు కదా. డాక్టరువి నువ్వు. అత్త పేనం మీద అబద్ధమాడతావా? అప్పుడు నాకు నమ్మకం కుదిరినాది. నిజంగానే తగ్గింది."

ఆమె గిన్నెను జాగ్రత్తగా, నీళ్ళు ఒలక్కుండా పక్కకు జరిపింది. గోడకున్న గొట్టం ముందుకు వంగి మరువం వాసనను గుండెల నిండా పీల్చుకుంది.