పద్నాలుగో పోర్టు

ఏడున్నరకి ఆమె పెట్టె ఆన్ చేసింది. ఫ్యాన్లు ఒక్కసారిగా అరిచి, కాస్త సర్దుకుని, ఆగకుండా మోగసాగాయి.

"లేచిందమ్మా నీ విమానం," అంది వంటింట్లోంచి అత్తగారు. "ఎప్పుడు దిగుతుందో చెప్తే అప్పుడు మాట్లాడుకుందాం."

అది విమానం కాదు. ఆఫీసుల్లో కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ స్విచ్. ఇరవై నాలుగు పోర్టులు. మూడు రోజులుగా భోజనాల బల్ల సగం దానిదే.

పదకొండేళ్ళు క్లినిక్ కౌంటర్‌లో పేషెంట్ల పేర్లు రాసుకున్న ఆమె, నలభై మూడో ఏట ఆ కుర్చీ వదిలి నెట్‌వర్కింగ్ కోర్సులో చేరింది. పరీక్షకి ఇంకా పంతొమ్మిది రోజులుంది. పాసైతే నెట్‌వర్కులు చూసుకునే కంపెనీలో చోటుందని మాస్టారు చెప్పారు. పాఠం వచ్చు. ల్యాప్‌టాప్‌లో బొమ్మ పెట్టెల్ని వందసార్లు కలిపింది. కానీ క్లాసులో మాస్టారు నిజం పెట్టె ముందు పెట్టి చేతికి తీగ ఇచ్చేసరికి, అది ఏ కన్నంలో పెట్టాలో తెలియలేదు. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఆమెతో పాటు ఇంటికొచ్చింది.

తర్వాత పాత సామాను కొట్లన్నీ తిరిగింది. కొత్తవాటి ధర అడగక్కర్లేదు. ఫ్యాన్ లేని చిన్న పెట్టె ఉంది, ఎనిమిది పోర్టులు, చప్పుడు లేదు, ధర రెట్టింపు. పక్కనే ఇది. "ఇళ్ళకి ఎవరూ తీసుకోరమ్మా, చెవులు పోతాయని. అందుకే చవక," అన్నాడు కొట్టతను. వేగం అక్కర్లేదు, పరీక్షలో అడిగే ఆదేశాలు తీసుకుంటే చాలని మాస్టారు చీటీ మీద రాసిచ్చారు. ఇది తీసుకుంటుంది. గోడకి బిగించే రెండు చెవుల్లో ఎడమది వంగి ఉంది. పరీక్షకి చెవులతో పని లేదనుకుని కొనేసింది.

"ఏడు రోజుల్లో వాపసు తీసుకుంటానన్నాడుగా ఆ కొట్టతను?" అన్నాడు భర్త, బూట్లు వేసుకుంటూ. మూడు రోజుల్లో ఇది నాలుగోసారి.

"ఎందుకివ్వాలి?"

"ఆ గోల."

"అత్తయ్యకే అలవాటైపోయింది."

"నాకేం అలవాటు కాలేదు," అంది అత్తగారు.

"ల్యాప్‌టాప్‌లో చేసుకుని అందరూ పాసవడం లేదా?" అన్నాడతను, పెట్టె వంక చూడకుండా. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు..."

ఆమె కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

"ఆ మాట ఇంకోసారి అనకండి. కోర్సులో చేరమని వెంటపడింది మీరే. ఫీజు కట్టింది మీరే. ఇప్పుడు ఒక్క పెట్టె కొనుక్కుంటే కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నారు. పంతొమ్మిదేళ్ళు ఒకే కుర్చీలో కూర్చున్న మనిషికి, లేవాలనుకునేవాళ్ళ బాధ ఏం తెలుస్తుంది?"

లేసు కడుతున్న అతని చెయ్యి ఆగింది. మళ్ళీ కదిలింది. ముడి వేసి, క్యారియర్ అందుకుని, "టైమైంది," అని వెళ్ళిపోయాడు.

"మాట అనేముందు మింగి చూడాలమ్మాయ్," అంది అత్తగారు. "చేదుగా ఉందో లేదో తెలుస్తుంది."

మింగడానికి ఇప్పుడేముంది. కాలుగాలిన పిల్లిలా ఆ గదికీ ఈ గదికీ తిరిగి, చివరికి బల్ల దగ్గరే కూలబడింది.

పెట్టెకి పాత యజమాని పాస్‌వర్డ్ ఉంది. ముందున్న మీట నొక్కిపట్టి కరెంటు పెడితే దాన్ని దాటొచ్చని పుస్తకం చెప్తోంది. రెండు రోజులుగా తొందరపడి మీట ముందే వదిలేస్తోంది. ఇవాళ కోపంలో బొటనవేలు తెల్లబడేదాకా నొక్కింది. పాస్‌వర్డ్ తలుపు తెరుచుకుంది. పాత అమరికంతా చెరిపి కొత్తగా మొదలుపెట్టాలి. కానీ మాస్టారి మాట ఒకటుంది: "చెరిపేముందు చదవండి. ఎవరో బతికిన ఇల్లది."

చదివింది. ఏ పోర్టు ఎవరిదో, ఓపికున్న మనిషెవరో ఒక్కొక్కదానికీ పేరు రాసిపెట్టాడు. ఒకటి గేటు. రెండు తూకం మిషను. ఐదు నుంచి తొమ్మిది బిల్లులు. పన్నెండు మేనేజరు గది. పద్నాలుగు, స్టోర్స్ బాబాయ్.

ఆమె చెయ్యి కీబోర్డు మీద అలాగే ఉండిపోయింది. భర్త పనిచేసే గోడౌన్ నుంచి ఇంటికి ఫోన్ చేసేవాళ్ళంతా "పిన్నీ, స్టోర్స్ బాబాయ్ ఉన్నారా?" అనే అడుగుతారు. పైకి జరిపి చూసింది. మొదటి వరసలో కంపెనీ పేరుంది. భర్త జీతం చీటీ మీద ఉండే పేరే.

కొత్త పెట్టె పెట్టి పాతది అమ్మేసుంటారనుకుంది ముందు. నవ్వొచ్చింది కూడా. మీ పెట్టె మనింట్లో పడిందని చెప్పి, పొద్దున్న మాటకి మందు వేద్దామని స్టోర్స్ నంబరుకి ఫోన్ చేసింది. ఆ నంబరు వాడుకలో లేదంది గొంతు. మరోసారి చేసింది. అదే గొంతు.

కొట్టతనికి చేసింది.

"అదా అమ్మా? గోడౌన్ మూసేశారుగా. సామానంతా ఒకే వ్యాన్‌లో తెచ్చాం. నెల దాటింది. ఏం, పనిచెయ్యడం లేదా?"

"చేస్తోంది," అంది.

సాయంత్రం దాకా పెట్టె మోగుతూనే ఉంది. ఆమె ఆపలేదు. అత్తగారు రెండుసార్లు వచ్చి, కోడలి మొహం చూసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆరుంబావుకి భర్త వచ్చాడు. క్యారియర్ బల్ల మీద పెట్టాడు.

"ఆఫీసెలా ఉంది?" అంది ఆమె.

"ఎప్పట్లాగే. లోడు లేటుగా వచ్చింది."

"లోడు ఎక్కడ దించారు?"

అతను చూశాడు. ఆమె ల్యాప్‌టాప్ అతని వైపు తిప్పి, పద్నాలుగో వరస మీద వేలు పెట్టింది.

అతను నిలబడే చదివాడు. తర్వాత కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళయింది?"

"రేపటికి నలభై రోజులు. నీ పరీక్ష ఫీజు కట్టిన మర్నాడే చెప్పారు."

"రోజూ క్యారియర్ పట్టుకుని ఎక్కడికెళ్తున్నారు?"

"పొద్దున్న రెండు మూడు గోడౌన్లకి వెళ్ళి అడుగుతాను. మధ్యాహ్నం పెద్దాస్పత్రి వెయిటింగ్ హాల్లో కూర్చుంటాను. అక్కడైతే ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. అందరూ ఎవరికోసమో వచ్చారనుకుంటారు."

వంటింటి గుమ్మంలో అత్తగారు గరిటెతో అలాగే నిలబడిపోయింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేసేదానివి? పుస్తకం మూసి మళ్ళీ ఆ క్లినిక్ కౌంటర్‌కి పోయేదానివి. పోవా?"

నిజమే. పోయేదే.

"పరీక్షయ్యాక చెబుదామనుకున్నాను. ఇంతలో నువ్వు దీన్ని మోసుకొచ్చావు." మొదటిసారి అతను పెట్టె మీద చెయ్యి వేశాడు, వంగిన చెవి మీద. "ఇది నేను చేసిందే. ఆఖరి రోజు సామాను దించుతుంటే మెట్ల మీద జారింది. ఊళ్ళో ఇన్ని పెట్టెలుంటే ఇదే దొరికిందా నీకు?"

"చవగ్గా ఉందని..." అంది. "పొద్దున్న... ఆ కుర్చీ మాట..."

"కుర్చీ కూడా అమ్మేశారులే. నువ్వు వెతికితే అదీ దొరికేట్టుంది."

నవ్వబోయి ఏడ్చేసింది. అతని చెయ్యి పట్టుకుని నుదుటికి ఆనించుకుంది. అతను రెండో చేత్తో ఆమె జుట్టు వెనక్కి సర్దుతూ, తన కళ్ళు భుజానికి తుడుచుకున్నాడు.

"ఒరేయ్," అంది అత్తగారు. "నెల్నుంచి క్యారియర్ అడుగంటా ఊడ్చినట్టొస్తోంది. ఆఫీసుకెళ్ళే రోజుల్లో ఎప్పుడూ సగం మిగిల్చి తెచ్చేవాడివి. అప్పుడే అనుకున్నాను. అడిగితే అబద్ధం చెప్తావని అడగలేదు. ఆ పాపం నాదీనూ." గరిటె పక్కన పెట్టి, కొంగుతో ముక్కు తుడుచుకుంది. "లేవండి, టీ పెడతాను."

టీ అయ్యాక అతనే అడిగాడు. "దీన్ని చెరిపెయ్యాలిగా నువ్వు?"

"ముందు ఒకటి చెప్పండి. బిల్లుల వాళ్ళనీ మీ స్టోర్స్‌నీ ఒకే పెట్టెలో పెట్టి, ఒకళ్ళకొకళ్ళు కనిపించకుండా విడదీశారు. పుస్తకంలో ఇదే నా బుర్రకెక్కని పాఠం. ఎందుకలా?"

"స్టాకు లెక్క చూసి బిల్లులవాళ్ళు సరుకు రాకముందే బిల్లులు వేసేసేవాళ్ళు. ఏడాది గొడవ. ఆఖరికి నెట్‌వర్క్ కుర్రాడొచ్చి గోడ కట్టాడు. ఇటుక లేని గోడ." అతను కాగితం లాక్కుని ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా గీసుకుంటూ పోయాడు. ఏ తీగ ఏ మూల నుంచి వచ్చేదో, దేన్ని ఎలుక కొరికిందో, మేనేజరు రెండు పోర్టులు ఎందుకు పెట్టించుకున్నాడో చెప్పాడు. ఆమె అడుగుతూ రాసుకుంది. మూడు వారాలుగా పుస్తకంలో గీతలుగా ఉన్నది, మనుషులుగా బల్ల చుట్టూ కూర్చుంది.

చివర్లో, చెరిపే ఆదేశం టైపు చేసి, కీబోర్డు అతని వైపు జరిపింది. అతను పద్నాలుగో వరస ఇంకోసారి చూసి, ఎంటర్ నొక్కాడు.

మర్నాడు ఎనిమిదిన్నరకి క్యారియర్ సిద్ధంగా ఉంది. అతను బూట్లు వేసుకుంటున్నాడు.

"ఎక్కడికి?" అంది ఆమె.

అలవాటు నోటి దాకా వచ్చింది. దాన్ని మింగాడు.

"ఉద్యోగం వెతకడానికి," అన్నాడు. "సరుకు మీద స్కానర్ పట్టడం వచ్చా అని అడుగుతున్నారు అంతటా. నీ పరీక్షయ్యాక నాకు నేర్పాలి."

"మధ్యాహ్నం ఆస్పత్రికి వద్దు. ఇంటికొచ్చెయ్యండి."

"వస్తాను."

తలుపు మూసుకుంది. ఆమె పుస్తకం తెరిచింది. అత్తగారు వంటింట్లోంచి వచ్చి, చుట్టూ చూసి, ప్లగ్గు దగ్గరికి వెళ్ళి తనే స్విచ్చు నొక్కింది. ఫ్యాన్లు అరిచాయి.

"ఊరికే చూస్తావేం?" అంది ఆ గోల మీదుగా. "చదువు. పద్దెనిమిది రోజులే."