ఎనభై నాలుగు డిగ్రీలు

మా మామ లోరెంజ్ నా ద్రాక్షరసంలో చక్కెర కలిపాడు. ఇందులో అనుమానం లేదు. ఆయన పోయి ఇరవై ఏళ్ళయింది. అయినా అది నేరమే.

అప్పటికి కొత్త వైన్ చట్టం వచ్చి మూడేళ్ళు. వైన్ అంతస్తు ఏదో రసంలోని తీపి తూకమే చెప్పాలి. మా మోసెల్ నది ఒడ్డున డెబ్బై డిగ్రీలు తూగితే కాబినెట్, అంటే మేలిరకాల్లో మొదటి మెట్టు. డెబ్బై ఆరైతే ష్పేట్లేజె, అంటే ఆలస్యంగా కోసినది. ఎనభై మూడైతే ఔస్లేజె, అంటే గుత్తులు ఏరి కోసినది. చిటికెడు చక్కెర పడిందా, ఈ పేర్లలో ఏదీ పెట్టకూడదు.

ఎండ ఒడ్డు లోరెంజ్‌ది. నీడ ఒడ్డు నాది.

ఊరి కోత సంఘానికి లోరెంజే పెద్ద. ఎవరి రసం ఎంత తూగిందో సంఘం పుస్తకంలో ఎక్కాలి. ఆయనకు చూపు ఆనదు కనుక కొలత చదివేది కూతురు ఇర్మీన. మొదటిసారి మా నేలమాళిగలోకి ఆమె వానలో తడిసి, రబ్బరు బూట్లతో దిగింది. గాజు కొలతను రసంలో వదిలి వంగి చూసింది.

"అరవై ఎనిమిది."

"డెబ్బై. సరిగ్గా చూడు."

"నేను సరిగ్గానే చూశాను. మీ ద్రాక్షే సరిగ్గా పండలేదు."

"ముందు ఆ మొహం మీద బురద తుడుచుకో."

"బురద బుగ్గ మీదుంది, కంట్లో లేదు."

అరవై ఎనిమిదే రాసింది. మర్నాడు తిట్టిపోద్దామని వాళ్ళింటికి వెళ్ళాను. వేడి ఉల్లిపాయ రొట్టె కోసి చేతికిచ్చింది. తిట్టడం మరిచిపోయాను.

ఆ చలికాలమంతా నది దాటే పడవలో ఎదురైతే చాలు, పదిమందిలో పిలిచేది.

"ఏం అరవై ఎనిమిదీ, బాగున్నావా?"

"నా పేరు వెల్టెన్."

"పేరు కావాలంటే ఇంకో రెండు డిగ్రీలు తూగు!"

పడవవాడు కూడా నవ్వేవాడు. నేను కోపంగా చూసేవాణ్ణి. ఆమె చూపు తిప్పేది కాదు. చివరికి నేనే నీళ్ళవైపు చూసేవాణ్ణి.

వసంతంలో పిల్లనడిగాను. లోరెంజ్ సారాకొట్టులో అందరూ వినేట్టు చెప్పాడు.

"ఏరా వెల్టెన్, నా పిల్ల వెళ్ళేది ఔస్లేజె తీసిన ఇంటికే. నీడ ఒడ్డున తియ్యి, చూద్దాం."

అన్న మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు.

ఆ ఏడు నవంబరు దాకా కోయలేదు. కుళ్ళినవి వదిలి, పండినవి ఏరి కోశాను. ఇర్మీన కూడా కత్తెర పట్టుకుని వాలులో నా పక్కన నిలబడింది.

"ఎంతొస్తుందంటావ్?" అంది.

"నువ్వు ప్రేమగా చదివితే ఎనభై మూడు."

"అబద్ధం చదవను. నాన్న కోసమైనా, నీ కోసమైనా."

"చదవమని అడగను."

శనివారం పిండాను. నేనే కొలిచాను. ఎనభై ఒకటి.

"ఇంకో ఏడాది ఆగుదాం," అన్నాను.

"ఇంకో ఏడాదా?" అని మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది. ఇంటికెళ్ళి ఏడ్చిందట. ఎందుకు ఏడ్చిందో తండ్రికి చెప్పిందట.

ఆదివారం ఊరంతా చర్చిలో ఉంది. నా కళ్ళు వెతికింది ఇర్మీననే, ఆమె లేదు. సోమవారం పొద్దున నేలమాళిగలోకి దిగితే, కలిపే కర్ర తడిగా ఉంది. పీపా మూతి చుట్టూ చక్కెర పలుకులు. మా తాళంచెవి ఏ మేకుకి ఉంటుందో కొలతకి వచ్చే లోరెంజ్ ఇంటివాళ్ళకే తెలుసు. ఇర్మీనే అనుకున్నాను. పలుకులన్నీ చొక్కా చేత్తో తుడిచేశాను. వెనక్కి తిరిగితే మెట్టు మీద ఆమె.

"ఏం తుడుస్తున్నావు?"

"ఏం లేదు."

నా చొక్కా చెయ్యి చూసింది. నా మొహం చూసింది. గాజు కొలతను రసంలో వదిలింది. ఎనభై నాలుగు. పెన్సిల్ కాసేపు ఆగింది. తర్వాత రాసింది.

అధికారుల పరీక్షలో కూడా ఆ వైన్ నెగ్గింది. మేలో పెళ్ళి. విందులో ఆ ఔస్లేజెనే పోశాం. లోరెంజ్ గ్లాసు ఎత్తాడు, పెదవికి తగలకుండా దించాడు. వైన్ వద్దనడం ఆ మనిషి జన్మలో లేదు. నీడ ఒడ్డంటే చులకన అనుకున్నాను.

ఆ ఏడే ఎండ దంచేసింది. నీడ ఒడ్డున కూడా తొంభై ఒకటి తూగింది. చిటికెడు చక్కెర లేకుండా. ఒక్క ఏడాది ఆగితే సరిపోయేది.

ముప్పై ఎనిమిదేళ్ళు కాపురం చేశాం. పోట్లాడుకోలేదు. కానీ ప్రతి కోతకీ ఆమె నా రసాన్ని రెండుసార్లు కొలిచేది. కోత రోజుల్లో వంటింటి చక్కెర డబ్బా అల్మరాలో పెట్టి తాళం వేసేది. దొంగే తాళం వేస్తోంది అనుకునేవాణ్ణి. ఒక్కసారి కూడా అడగలేదు.

పోయిన ఫిబ్రవరిలో, మంచం మీద నుంచి పిలిచింది.

"అరవై ఎనిమిదీ, ఆ చక్కెర సంగతి. నిన్ను ఎప్పుడో క్షమించాను."

"నన్నా? కలిపింది నువ్వు కదా."

మోచేతి మీద లేచింది.

"ఆ ఆదివారం నేను పన్నునొప్పితో పడుకున్నాను. పీపాలు చూసొస్తానని పొద్దున్నే పడవెక్కింది నాన్నే. నువ్వు తుడుస్తుంటే చూశాక ఆ మాటే తోచలేదు."

పెళ్ళిలో దించిన గ్లాసు అప్పుడు గుర్తొచ్చింది. "నేను కొలత మార్చి చదవనని ఆయనకు తెలుసు," అంది. అందుకే రసాన్నే మార్చాడు.

"ఇన్నేళ్ళూ నన్ను దొంగ అనుకుంటూనే కాపురం చేశావా?" అంది.

"నువ్వూ అంతేగా."

గోడవైపు తిరిగింది. రెండు రోజులకు పోయింది. ఆ రెండు రోజులూ నాతో మాట్లాడలేదు.

ఆ పెళ్ళినాటి సీసాలు ఇంకా రెండున్నాయి. అంత్యక్రియల రోజు తెరవమన్నారు. తెరవలేదు. సంగతి చెబితే, మీ మంచికే చేశాడుగా ముసలాయన అంటారు. ఆ మాట వినలేను. అందుకే ఇది ఒక్కసారి రాశాను. ఇక ఎవరడిగినా చెప్పను.