టాపెట్ చప్పుడు

ఇంజను నడుస్తోందో లేదో తెలియక సుబ్బలింగం దాని మీద అరచెయ్యి పెట్టి చూశాడు. నడుస్తోంది. తెనాలిలో నలభై ఏళ్లుగా బండ్లు బాగుచేస్తున్నవాడికి ఇలాంటి అనుమానం రావడం ఇదే మొదలు.

"చప్పుడేదమ్మా?" అన్నాడు.

ఇంజన్ల మీద పరిశోధన చేసే డాక్టర్ హిమజ నవ్వింది. ఇంజనులోకి గాలి రావడానికీ, పొగ పోవడానికీ వాల్వులనే తలుపులుంటాయి. ఇన్నాళ్లూ క్యామ్‌షాఫ్టు అనే గుబ్బల కడ్డీ తిరుగుతూ వాటిని తట్టి తెరిచేది. ఆ తట్టుడుదే టాపెట్ చప్పుడు. హిమజ క్యామ్‌షాఫ్టునే తీసేసింది. ఇప్పుడు ప్రతి వాల్వు చుట్టూ ఒక రాగి తీగచుట్ట ఉంది. కరెంటు పారితే అది అయస్కాంతమై వాల్వును లాగుతుంది. మూసేటప్పుడు నిద్రపోయిన పాపను పక్కమీద దించినట్టు దించుతుంది.

ప్రయోగానికి తన బండే ఇచ్చాడు లింగం. ఊరందరి టాపెట్లూ సరిచేసే మనిషి సొంత బండిని మాత్రం "రేపు చూద్దాంలే" అని పదేళ్లుగా వదిలేశాడు. ఎలాగూ పోయే పీడేగదా అని పాత క్యామ్‌షాఫ్టును సంతోషంగా తుక్కులో వేసేశాడు.

ఆ సాయంత్రం ఇంటి ముందు దిగాడు. భార్య వరాలమ్మకు మతిమరుపు వచ్చి రెండేళ్లయింది. పేర్లు పోయాయి, మొహాలు పోయాయి. కానీ సందు మొగలో ఆ టకటక వినపడితే చాలు, "మా ఆయనొచ్చాడు" అంటూ నీళ్లగ్లాసుతో ఎదురొచ్చేది.

ఇవాళ గడపలోనే నిలబడిపోయింది. "ఎవరు కావాలండీ?"

 మర్నాడే లింగం హిమజ దగ్గరికి పరుగెత్తాడు.

"వాల్వును గట్టిగా మూయిస్తే చప్పుడు వస్తుంది లింగంగారూ. ఎలాంటి చప్పుడో చెప్పండి, అలాగే పెడతాను," అందామె.

 ఊళ్లో ఏ బండి రోగమైనా లింగం వీధి చివరినుంచే చెప్పగలడు. తన బండి చప్పుడు మాత్రం ఒక్కనాడూ చెవిపెట్టి వినలేదు.

మూడు రోజులు ప్రయత్నించారు. ఒక రోజు వడిగా, ఒక రోజు నెమ్మదిగా, ఒక రోజు మధ్యమధ్య దెబ్బ తప్పిస్తూ వాల్వులను కొట్టించారు. మూడో సాయంత్రం కూడా వరాలమ్మ తల అడ్డంగా ఊపింది.

"బండి బాగుకోసం వచ్చారా బాబూ? కూచోండి. మా ఆయన వచ్చే వేళయింది. బండి మోత సందు మొగలోనే తెలిసిపోద్ది."

లోపలికి వెళ్లి నీళ్లు తెచ్చింది. లింగం గ్లాసు అందుకుని అరుగు మీద ఆమె పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ సందు మొగవైపు చెవులు పెట్టుకుని, లింగం రాకకోసం ఎదురుచూశారు.