అమ్మమ్మ పుట్టిన గంట

నకిలీ మీసం రెండోసారి ఊడింది. ఏజెంట్ ఆలెక్ పెన్‌హేల్ దాన్ని పెదవికి అదిమిపట్టి, రెండో చేత్తో ఎర్ర అట్ట పుస్తకాన్ని అరలోంచి లాగాడు. బరువుకు మణికట్టు మెలితిరిగింది.

నాలుగింటికి కర్నల్ స్ట్రౌడ్ వాషింగ్టన్ ప్రయాణం. వెళ్లేముందు ఇనప్పెట్టె తాళంచెవి ఇద్దరు అసిస్టెంట్లలో ఒకరికి ఇచ్చి వెళతాడు. ఆ ఇద్దరిలో ఒకడు శత్రువుల మనిషి. పెట్టె తెరవగానే కనిపించే రహస్య ఏజెంట్ల జాబితాలో మొదటి పేరు ఇల్కా వారాడి.

ఆ ఇల్కా ఇప్పుడు అతని పక్కనే ఉంది. లండన్ జననాల సూచికల హాలులో తాతముత్తాతల కోసం తడుముకునే ముసలి జనం మధ్య, బూడిదరంగు ఫర్ కోటులో, కాకుల్లో నెమలిలా నిలబడింది. పైకి శత్రు ఎంబసీలో టైపిస్టు. మూడేళ్లుగా ఆలెక్ మనిషి.

"చర్చి పైకప్పు బాగుచేయించారా, ఫాదర్?" అంది. కోడ్ మాట.

"ఇంకా కారుతూనే ఉంది," అన్నాడు పాదిరీ వేషంలో ఉన్న ఆలెక్. "దొరికిందా పేరు?"

"నాకు చెప్పలేదు. ఈ ఉద్యోగానికి మూడు తరాలు ఇంగ్లండులోనే పుట్టినట్టు కాగితాలు అడుగుతారుగా మీరు? ఒకడికి అమ్మమ్మ బర్త్ సర్టిఫికెట్ మావాళ్లే తయారుచేశారు. ఆ మాట చెవిన పడింది. అంతే."

"మళ్లీ ఎంబసీకి వెళ్లకు."

"వెళ్లకపోతే ఇప్పుడే తెలిసిపోతుంది. నువ్వు వెతుకు. నీ మీసం వంకరగా ఉంది." వెళ్లిపోయింది.

ఆలెక్ జేబులోంచి ఆ ఇద్దరు అసిస్టెంట్లు ఇచ్చిన అమ్మమ్మల సర్టిఫికెట్లు తీశాడు. జెఫ్రీ మాల్‌హామ్ అమ్మమ్మ మార్థా గాడ్స్‌బీ, విస్బెచ్‌లో పుట్టింది. నార్మన్ ఆస్క్యూ అమ్మమ్మ హానా బ్రైడన్, స్కిప్టన్‌లో. అసలు రిజిస్టర్లు ఎవరికీ చూపరు. ఈ సూచికల్లో పేరు, ఊరు, సంపుటం, పేజీ నంబరు మాత్రమే ఉంటాయి. నకలు కావాలంటే డబ్బు కట్టి రోజుల తరబడి ఆగాలి. నాకు గూఢచారి అని రాసిచ్చిన కార్డుంది, కానీ ఇక్కడ దాన్ని చూపిస్తే "క్యూలో రండి" అంటారు, అనుకుని పళ్లు నూరాడు.

మార్థా వెంటనే దొరికింది. పేజీ నంబరుతో సహా సరిపోయింది. హానా 1889 డిసెంబరులో పుట్టింది. ఆ త్రైమాసికం పుస్తకం అటూ ఇటూ తిరగేశాడు. లేదు. మూడుసార్లు చూశాడు. లేదు. డిపార్ట్‌మెంటు వాళ్లు ఇచ్చిన ఫ్లాస్కు కెమెరాతో పేజీ ఫొటో తీద్దామంటే, ఫొటోకు బదులు టీ కారింది.

బయటి ఫోన్ బూత్ లోంచి కర్నల్‌కు చెప్పాడు. "ఆస్క్యూ, సర్. అతని అమ్మమ్మ పుట్టలేదు."

"అనుకున్నా. మాటతీరు చూస్తేనే తెలుస్తోంది. ఇప్పుడే పట్టుకుంటాం. తాళంచెవి మాల్‌హామ్‌కి ఇచ్చి బయల్దేరతా."

హాలుకి తిరిగొచ్చి కాగితాలు మడుస్తుంటే ఆలెక్ చూపు ఒక గడిలో ఆగింది. హానా పుట్టింది డిసెంబరులో. నమోదు చేయించింది జనవరి చివర్లో. సూచిక నడిచేది నమోదు తేదీని బట్టి!

"గాడిదా!" అని తనను తానే తిట్టుకున్నాడు. 1890 మార్చి పుస్తకంలో హానా బ్రైడన్ హాయిగా కూర్చుని ఉంది.

అయితే మాల్‌హామా? కాని వాడిదీ సరిపోయిందే! మార్థా కాగితం మళ్లీ చదివాడు. "పదకొండు మే 1891, ఉదయం ఆరున్నర."

ఆరున్నర.

బర్త్ సర్టిఫికెట్ మీద గంట అతను చూసింది ఒక్కచోటే, తనదాని మీద. అక్క జెన్నా తనకంటే ఇరవై నిమిషాలు పెద్దది. చిన్నప్పటినుంచీ ఆ కాగితం చూపించే అతని చేత పళ్లేలు కడిగించింది. ఇంగ్లండులో గంట రాసేది కవలలకే. అలాగైతే మార్థాతోపాటు ఇంకో గాడ్స్‌బీ అదే ఊళ్లో, అదే పేజీలోనో పక్క పేజీలోనో ఉండాలి.

ఆ పుస్తకం ఒక ముసలావిడ ముందుంది.

"ఒక్కసారి ఇస్తారామ్మా? ప్రాణం మీదికొచ్చింది."

"నాకూ అంతే, ఫాదర్. మా తాత దొరికేలోపు నేను పోయేలా ఉన్నా. క్యూ అంటే మీ చర్చిలో నేర్పరా?"

"తల్లీ, ఒక్క పేజీ!"

"అయ్యో, మీ మీసం!" ఆవిడ బిత్తరపోయి చెయ్యి తీసింది. ఆలెక్ పుస్తకాన్ని లాగేసుకున్నాడు.

విస్బెచ్ గాడ్స్‌బీలలో మార్థా ఒక్కతే. కవల లేదు. ఎవడో ఇదే హాలులో నిలబడి పేరూ పేజీ నంబరూ ఎత్తుకెళ్లి, మిగతాదంతా సొంతంగా అల్లాడు.

ఫోన్ బూత్ లో ఒకమ్మాయి ఎవరినో ఓదారుస్తోంది. టాక్సీలన్నీ నిండుగా ఉన్నాయి. ఆలెక్ పాదిరీ అంగీ మోకాళ్ల పైకి ఎత్తి పరుగెత్తాడు.

కర్నల్ గది తలుపు తోసేసరికి, నార్మన్ ఆస్క్యూ కుర్చీకి బేడీలతో బిగించి ఉన్నాడు. జెఫ్రీ మాల్‌హామ్ అందరికీ టీ పోస్తున్నాడు. తాళంచెవి కర్నల్ అరచేతిలో ఉంది.

"ఆగండి సర్! తప్పు నాది. ఆస్క్యూ అమ్మమ్మ దొరికింది."

"దొరక్క ఎక్కడికి పోతుంది?" నార్మన్ ఉరిమాడు. "స్కిప్టన్‌లో సగంమందిని పెంచింది మా అమ్మమ్మే! నువ్వు చదువుకున్నావా, పెన్‌హేల్?"

ఆలెక్ రొప్పుతూనే మాల్‌హామ్ వైపు తిరిగాడు. "మీ అమ్మమ్మకు కవల ఉందా, జెఫ్రీ?"

"లేదే. ఒక్కతే కూతురు పాపం. పాలు పోయనా?"

"అయితే ఆవిడ సర్టిఫికెట్ మీద గంట ఎందుకుంది?"

మాల్‌హామ్ నవ్వాడు. "భలేవాడివే! పుట్టిన గంట లేకుండా సర్టిఫికెట్ ఎక్కడైనా ఉంటుందా? అందరికీ ఉంటుందిగా!"

కర్నల్ చెంచా కింద పెట్టాడు.

"నాకు లేదు," అన్నాడు కర్నల్ మెల్లగా.

"నాకూ లేదు," అన్నాడు నార్మన్.

"నాకుంది," అన్నాడు ఆలెక్. "మా అక్క పుణ్యాన."

టీ జగ్గు పగిలింది. మాల్‌హామ్ కర్నల్ చేతి మీదికి దూకాడు. నార్మన్ కుర్చీతో సహా లేచి అతనికి అడ్డంపడ్డాడు. కర్నల్ పిడికిలి బిగించాడు. తాళంచెవి అందులోనే ఉండిపోయింది.

గార్డులు వాణ్ని లేవదీశాక కర్నల్ టేప్ రికార్డర్ మీట నొక్కాడు. "ఇక ఇల్కాకి ప్రమాదం లేదు. పేరు గట్టిగా చెప్పు, పెన్‌హేల్. ఈసారి సరిచూసుకుని."

ఆలెక్ మిగిలిన సగం మీసం పీకేశాడు.

"ద్రోహి పేరు జెఫ్రీ మాల్‌హామ్. పట్టుబడ్డ గంట కూడా చేర్చండి సర్. అది లేకపోతే వాళ్ల దేశంలో కాగితం చెల్లదట."