లిబ్రాడా అత్త ఇంటి ఉత్తరపు గోడ

ఈ మాట ఇంతవరకూ నా నోటితో ఎవరికీ చెప్పలేదు. లిబ్రాడా అత్త ఇంట్లో దెయ్యాన్ని పెట్టింది నేను.

చీకటిపడ్డాక మా ఊళ్లో ఆ ఇంటి పక్కనుంచి ఎవరూ పోరు. ఉత్తరపు గోడ ఏడుస్తుందంటారు. దగ్గర నిలబడితే ఒక కంపు... చచ్చిన గొర్రెని తడి గోనెలో చుట్టి నెల్లాళ్లు వదిలేసినట్టు. గోడలో ఉన్నది చనిపోయిన తన అత్తగారు హెనొవేవా అని లిబ్రాడా అత్తే తేల్చింది.

"బతికున్నన్నాళ్లూ నా వంట కంపు అనేది. ఇప్పుడు నా మంచం పక్కనే కుళ్లుతోంది" అంది.

ఆ తర్వాత ఇల్లు వదిలేసి ఎస్పన్యోలా పట్నంలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ ఇల్లు లిబ్రాడా అత్త వాళ్ల మామగారి తాత కట్టింది. పచ్చి ఇటుక, మూరన్నర మందం గోడలు. మొదట ఒకటే గది. ఒక్కో కొడుక్కి పెళ్లయినప్పుడల్లా పక్కన ఇంకో గది అతికించుకుంటూ పోయారు, రైలుపెట్టెల్లా. ప్రతి గదికీ వాకిట్లోకి తలుపుంది గానీ గదికీ గదికీ మధ్య లేదు. అందుకే అంతమంది కోడళ్లు కొట్టుకోకుండా బతికారని మా నాన్న అనేవాడు. నేలమట్టిలో ఎద్దు రక్తం కలిపి నున్నగా మెత్తారు. వానల్లో ఒట్టికాళ్లతో నడిస్తే అరికాలికి కాస్త అంటుకునేది... చిన్నప్పుడు వెంటనే కాళ్లు కడుక్కోడానికి పరిగెత్తేదాన్ని.

ఇక ఎలోయ్ బావ సంగతి. అతను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

నిన్న కాలవ నీళ్ల వంతు అతనికి రాత్రిపూట పడింది. వదులుకుంటే మళ్లీ పదిరోజులదాకా నీళ్లు రావు. పార భుజాన వేసుకుని ఆ గోడ వెంబడే బయల్దేరాడు.

సగం దూరం వచ్చాడో లేదో — చప్పుడు. ఎవరో ముద్ద నములుతున్నట్టు. ఆగింది.

మళ్లీ... మింగినట్టు.

"ఎవరది?" అని గొణిగాడు.

టార్చి వేశాడు. గోడ ఉబ్బి ఉంది, నిండు నెలల పొట్టలా. చూస్తుండగానే కదిలింది. వెనక్కి తగ్గబోతే బురదలో కాలు జారింది. పడకుండా గోడకి చెయ్యి ఆనించాడు —

చెయ్యి పగులులోంచి లోపలికి పోయింది. మణికట్టుదాకా.

చల్లగా, మెత్తగా, పాచిపోయిన గంజిలా... వేళ్ల సందుల్లో ఏదో పాకుతోంది. ఒక్క లాగు లాగాడు. గుప్పిట్లో జుట్టు. నల్లగా, జిగటగా.

తెల్లారి మా వంటింట్లో మూడోసారి చేతులు కడుక్కుంటూ చెప్పాడు. "ముసలిదాని జడే పట్టుకు లాగానే."

"జడ ఏది మరి?"

"కాలవలో పారేశా. రిబ్బను కట్టి నీకు తేవాల్సిందా?"

నవ్వాను. అతను వెళ్లగానే ఆ ఇంటికి పరిగెత్తాను.

గోడ రాత్రే కూలిపోయింది. పైన పూసిన సిమెంటు పెంకు ఒక్కటే అక్కడక్కడా నిలబడి ఉంది, గుడ్డు డొల్లలా. లోపల ఇటుక అన్నది లేదు. బూడిదరంగు బురద, తెల్లపురుగులు, మట్టిలో కలిపిన గడ్డి కుళ్లి వెంట్రుకల్లా పోగులు పోగులు... మధ్యలో ఎలుకల సంసారం ఒకటి పిల్లలతో సహా ఊరిపోయి ఉంది. అక్కడే కక్కుకున్నాను.

ఆ సిమెంటు పూసింది నేను. ఏడేళ్ల కింద. అప్పటికి నాకు పంతొమ్మిది, వీడియోలు చూసి పని నేర్చుకున్నాను.

"పిల్లా, మట్టిగోడ తాగిన నీళ్లు మళ్లీ బయటికి వదలాలే. దానికి చొక్కా తొడిగి బొత్తాలు బిగించేస్తావా?" అంది అత్త.

"ఏటా మెత్తే బాధ తప్పుతుందత్తా. నీ మోకాళ్లు చూసుకో."

మోకాళ్లు కాదు. మా దగ్గర ఏటా గోడలకి మట్టి మెత్తేది ఆడవాళ్లే. అత్త ముసలిదైపోయాక ఆ వంతు నాకొచ్చింది. నానబెట్టి పులిసిన ఆ గడ్డీ మట్టీ గోళ్లలో దూరితే నాకు అసహ్యం. అందుకు పూశాను.

ఎండ తగలని ఆ ఉత్తరం వైపు మంచు కరిగి, కిందనుంచి గోడ పీల్చిన నీళ్లు బయటికి దారిలేక గోడలోనే ఉండిపోయాయి. మొదటి తడిమరక చూసినప్పుడే నాకు అర్థమైంది. ఇంతలో అత్త హెనొవేవా పేరెత్తింది. నాకు హాయిగా అనిపించింది. గోడ ఏడవడం నేనూ విన్నానని ఊళ్లో నలుగురికి చెప్పాను కూడా.

రేపు పొద్దున యంత్రం వస్తోంది, ఇల్లంతా పడగొట్టడానికి. "ముసల్దాంతో పాటే పోనీ" అని అత్తే ఒప్పుకుంది. ఎనభై ఒక్కేళ్ల మనిషి, రోజూ పడుకునే ముందు చచ్చిపోయిన అత్తగారిని క్షమించమని అడుగుతోందట.

మిగతా గోడలు ఒక్కొక్కటీ పొడిచి చూశాను. గట్టిగానే ఉన్నాయి. వాటి మీద నేను పూసిన సిమెంటు చెక్కేసి, మంచు పడేలోపు మట్టి మెత్తితే నిలుస్తాయి. మెత్తాల్సింది నా చేతులే. తలుచుకుంటేనే వాంతి వస్తోంది.

తొమ్మిదవుతోంది. తొమ్మిదిన్నరకి అత్త నిద్రపోతుంది. ఫోను కూతురే తీస్తుంది, పొద్దున చేద్దువులే అంటుంది. కాదు, ఇప్పుడే అత్తకివ్వమంటాను. హెనొవేవా కాదు, నేనని చెప్తాను. యంత్రాన్ని ఆపమంటాను. తిడితే తిట్టనీ.

నంబరు నొక్కుతున్నాను.