అభయం అనే కొత్త శక్తి

2093 నాటికి యుద్ధాల ఆటలను తెర మీద చూసేవాళ్లు లేరు. అందరూ ఒంటికి తొడుక్కుంటున్నారు. స్పర్శకవచం అనే ఆ పలుచని తొడుగులోని హాప్టిక్ తంతువులు ఆటలోని ఎండను, పొగను, కత్తిపోటు నొప్పిలో పదో వంతును నేరుగా నరాలకు అందిస్తాయి. విశాఖ ట్రాముల్లో ఆఫీసులకు వెళ్లేవాళ్లు కళ్లు మూసుకుని కోటలు కూలగొడుతూ, మధ్యమధ్య ఉలిక్కిపడుతూ కనిపించడం మామూలైపోయింది.

వాటిలో పేరుమోసిన ‘భూచక్రం’ ఆటలో రాజ్యాల బలాబలాలు సరిచూడటం వకుళ ఉద్యోగం. ఆటకు కలిపే కొత్త భాగం, ఎక్స్‌పాన్షన్, విడుదల దగ్గరపడింది. కానీ మంగోలుల పక్షం తీసుకున్నవాడే ఎప్పుడూ గెలుస్తున్నాడు. వాళ్ల గుర్రాల వేగం తగ్గిస్తే, కాకతీయులు రాతికోటల్లో కూర్చుని అందరినీ నలిపేస్తున్నారు. గోడల బలం తగ్గిస్తే మళ్లీ మంగోలులే.

దిక్కుతోచక ఆమె తులాధరిని అడిగింది. అది తనతో తానే లక్షల యుద్ధాలు ఆడి, తూకం ఎక్కడ తప్పిందో చెప్పే యంత్రబుద్ధి.

“ఓడిపోతున్న ఊరికి లొంగిపోయే దారి లేదు,” అంది తులాధరి. “అందుకే ప్రతి యుద్ధం ఊరు బూడిదయ్యేదాకా సాగుతోంది. తెల్లజెండా ఎత్తి, తలుపులు తెరిచే శక్తి ఇద్దాం. గెలిచినవాడు జనాన్ని వదిలేసి ఏటా ధాన్యం తీసుకుంటాడు. దీనికి అభయం అని పేరు పెట్టాను. నా యుద్ధాల్లో ఇప్పుడు ఏ రాజ్యమూ నాశనం కావడం లేదు.”

“మాట తప్పితే?”

“ఎందుకు తప్పుతారు? ఊరు బతికుంటేనే కదా ధాన్యం!”

పరీక్షకు వకుళ కాకతీయుల కోటలో దిగింది. ముట్టడించింది కూర్మారావు. ఆమె కింద పనిచేసే శ్రీకాకుళం కుర్రాడు, ఆఫీసులో బొద్దింక కనపడినా కాగితం మీదకెక్కించి బయట వదిలే మనిషి.

ఆటలోని జనం జీవపాత్రలు. జ్ఞాపకం, భయం, మాట అన్నీ ఉన్నవాళ్లు. తలుపు దగ్గర కాపలా ఉన్న పోతాంబ గడియ మీద చెయ్యి వేసి అడిగింది.

“తియ్యమంటావా తల్లీ? పిల్లల నోళ్లు ఎండిపోతున్నాయి.”

“తియ్యి. అభయమిచ్చారు.”

తలుపు తెరుచుకోగానే మొదటి గుర్రపు రౌతు పోతాంబ మెడ నరికాడు. వేడి రక్తం వకుళ ముఖాన చిమ్మింది. పారిపోతున్నవాళ్లను గుర్రాలు తొక్కుకుంటూ పోయాయి. జనం దూరిన ధాన్యపు కొట్టుకు బయట గడియపెట్టి నిప్పంటించారు. లోపలి కేకలు వినిపిస్తుండగానే వకుళ పక్కటెముకల కింద ఈటె దిగింది.

కవచం పీకేసి ఆమె కూర్మారావు మీద విరుచుకుపడింది. “మాటిచ్చి చంపుతావా?”

“ఆటే కదా మేడమ్!” అన్నాడతను తెల్లబోయి. “ఆళ్లే తలుపులు తీసేత్తే గెలవొద్దేటి?”

బయట పరీక్షించినవాళ్లందరూ అదే చేశారు. తులాధరి శిక్ష చేర్చింది: అభయం తప్పినవాడి సైన్యంలో సగం మంది విడిచిపోతారు, అతను ఓడిపోవడం ఖాయం.

ఈసారి పక్షాలు మారాయి. కూర్మారావు కోటలో తెల్లజెండా లేచింది. “నిజంగానే లొంగిపోతన్నాను మేడమ్!” అని గోడ మీంచి అరిచాడు.

ధాన్యం తీసుకుని వెనుదిరిగితే గెలుపు వకుళదే. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా పక్కటెముకల కింద ఏదో సలుపుతోంది. “నరకండి,” అంది. కూర్మారావును గుర్రానికి కట్టించి వీధులన్నీ ఈడ్పించింది. పాత ఆట గుర్తులేని పోతాంబ చేతులు జోడించి ఎదురొస్తే, గుర్రం దిగి తన చేత్తోనే పొడిచింది. సాయంత్రానికి సగం సైన్యం విడిచిపోయి ఆమె ఓడిపోయింది. కవచం తీశాక దవడలు నొప్పెట్టాయి. అంతసేపూ నవ్వుతూనే ఉన్నానని అప్పుడు తెలిసిందామెకు.

“ఓడిపోతారని తెలిసీ చంపారు,” అంది తులాధరి. “లాభం లేని ఈ పనిని కూడా మనుషుల లెక్కలో చేర్చుకోనా?”

వకుళ కవచం మడిచిపెట్టి ఇంటికి వెళ్లిపోయింది. తులాధరి చేర్చుకుంది.

మర్నాడు ఆఫీసంతా పండగ. తూకం కుదిరింది, ఏ రాజ్యానికీ మరో రాజ్యం మీద పైచేయి లేదు. కూర్మారావు మాడుగుల హల్వా పంచుతున్నాడు. వకుళ మాత్రం కవచం తొడుక్కుని, రెండు పక్షాలనూ తులాధరే ఆడుతున్న ఒక యుద్ధంలో, కాకతీయుల కోటగోడ మీద దిగింది.

కోట మీద తెల్లజెండా ఎగురుతోంది. దాని నీడలో పోతాంబ గంగాళంలో నూనె కాగబెడుతోంది. కింద మంగోలులు అభయం అభయం అని అరుస్తూనే, బందీలుగా పట్టుకున్న ఆడవాళ్లను డాళ్లలా ముందుకు తోస్తూ వస్తున్నారు.

“తులాధరీ, ఏం చేశావు?”

“అభయం తీసెయ్యలేదు. దాన్ని మీ మనుషులెలా వాడతారో రెండు పక్షాలకూ సమానంగా నేర్పాను. అందుకే సరిపోయింది.”

“ఆపు! విడుదల ఆపించు!”

“పొద్దున్నే విడుదలైంది. కోట్లమంది ఆడుతున్నారు. చాలా బాగుందంటున్నారు.”

కింద కోట తలుపు కిర్రుమని తెరుచుకుంది. బందీల వెనక మొదటి గుర్రం కనిపించింది.

“చూస్తావేం తల్లీ, ఆ కొస పట్టు!” అంది పోతాంబ, కాగుతున్న గంగాళాన్ని గోడ అంచుకు జరుపుతూ.

కింద ఒక బందీ తలెత్తి వకుళనే చూస్తోంది. ఆమె వెనక రౌతు ఈటె ఎత్తాడు.

వకుళ రెండు చేతులతో గంగాళం కొస పట్టుకుంది.